జమ్మిచెట్టు ఎక్కడ ఉండాలి?

సాహస వీడియో గేముల్లో హీరో ఒంటిమీది సరంజామాను ఎప్పటికప్పుడు మార్చడం పిల్లలకు ఆటలో భాగం. పెద్దలకు అంతుచిక్కని తతంగం. అమెరికాలోని జార్జియా రాష్ట్రం కమ్మింగ్‌లో తెలుగు ఇళ్ల హాళ్లలో రోజూ జరిగే ఈ మార్పు వెనుక పాతికేళ్లు దాటిన చర్చ ఉంది.

ఉరుము వినిపించింది. తెరమీద కొండవాలులో నిలబడ్డ కుర్రాడి వీపున కత్తి చిటపటమంటూ నిప్పురవ్వలు రాల్చింది. ఇంకాసేపట్లో పిడుగు ఆ ఇనుమునే వెతుక్కుంటూ వస్తుంది. ఆడుతున్న పిల్ల ప్లస్ బటన్ నొక్కింది. ఆట ఆగింది, సరంజామా పేజీ తెరుచుకుంది. ఇనుప కత్తి పోయి చెక్క గద వచ్చింది. ఇనుప డాలు పోయి కర్ర డాలు వచ్చింది. మళ్లీ బటన్. వాన అలాగే కురుస్తోంది, కుర్రాడు నడక సాగించాడు.

నింటెండో 2017 మార్చిలో విడుదల చేసిన ‘ద లెజెండ్ ఆఫ్ జెల్డా: బ్రెత్ ఆఫ్ ద వైల్డ్’లో ఇది మామూలు ఘట్టం. కుర్రాడి పేరు లింక్. తలకొకటి, ఒంటికొకటి, కాళ్లకొకటి అతనికి మూడు తొడుగులు. మంచు కొండలకు ఈకలతో కుట్టిన దుస్తులు, ఎడారికి పల్చటివి, అగ్నిపర్వతం దగ్గరకు నిప్పంటని కవచం, జలపాతానికి ఎదురెక్కడానికి జోరా జాతి వాళ్లు చేసిచ్చిన కవచం, నిలువు కొండను ఎగబాకడానికి వేరే జత. ఊళ్లు, అడవులు, ఎడారులు దాటుతూ పోయే ఆటలో గంటకు ఎన్నోసార్లు ఆ పేజీ తెరవాల్సి వస్తుంది.

వంటింట్లోంచి తొంగిచూసే అమ్మానాన్నలకు ఇది బొమ్మకు బట్టలు కట్టే కాలక్షేపంలా కనిపిస్తుంది. ‘ఆడుతున్నావా, ముస్తాబు చేస్తున్నావా?’ అని అడుగుతారు. నా అభిప్రాయం వేరు. ఆటలో అసలు ఆలోచన ఎక్కువగా జరిగేది ఆ పేజీలోనే. కత్తి దూయడం వేళ్ల పని. ఏ కత్తితో, ఏ కవచంతో, ఏ కొండ కిందికి వెళ్లాలన్నది బుద్ధి పని. అందుకే ఆ పేజీని ఎక్కడ తెరవనివ్వాలి, ఎప్పుడు మూసెయ్యాలి, ఒక జతనంతా ముందే కట్టి దాచుకోనివ్వాలా వద్దా అన్న ప్రశ్నలతో ఆటలు తయారుచేసేవాళ్లు ఏళ్ల తరబడి కుస్తీ పడుతున్నారు.

హైవే పక్కన రాముడు, రావణుడు

అట్లాంటా నుంచి జీఏ 400 హైవే మీద ఉత్తరానికి వెళ్తే ఆల్ఫరెటా, అది దాటితే ఫోర్సైత్ కౌంటీ. ఆ కౌంటీకి ముఖ్యపట్టణం కమ్మింగ్. 2020 జనాభా లెక్కల ప్రకారం పట్టణంలో ఉన్నది 7,318 మందే. కానీ చిరునామాలో ‘కమ్మింగ్’ అని రాసుకునే ఇళ్లు పట్టణం హద్దులు దాటి చాలా దూరం పరుచుకున్నాయి. 1990లో 44,083 ఉన్న కౌంటీ జనాభా 2020 నాటికి 2,51,283 అయింది. ఆ పెరుగుదలలో మనవాళ్ల వాటా కళ్లకు కనిపిస్తుంది. కిరాణా కొట్టుకు వెళ్లినా, బడి బస్సు ఆగే చోట నిలబడినా తెలుగు వినిపిస్తుంది. హాలు గోడకు పెద్ద టీవీ, దాని కింద గేమ్ కన్సోల్, పక్కన ఆరునెలలకని వచ్చిన అమ్మమ్మో నానమ్మో. ఈ అమరిక ఆ ఇళ్లలో చాలాచోట్ల కనబడుతుంది.

ఆ ఇళ్ల పిల్లల్లో కొందరికైనా తెలియని సంగతి ఒకటుంది. సరంజామా మార్పు గురించి గట్టిగా ఆలోచించిన స్టూడియో వాళ్లకు పొరుగునే, ఆల్ఫరెటాలో ఉంది. పేరు హై-రెజ్ స్టూడియోస్. 2005లో మొదలైంది. 2014లో అది ‘స్మైట్’ అనే ఆటను విడుదల చేసింది. గ్రీకు, ఈజిప్టు, నార్స్ దేవతలతో పాటు మన పురాణ పురుషులూ అందులో తలపడతారు. అగ్ని, వామనుడు, రాముడు, రావణుడు, కుంభకర్ణుడు, బకాసురుడు, అందరూ ఉన్నారు. ఆట ఇంకా తయారీలో ఉండగానే, 2012లో, కాళికా దేవిని చూపిన తీరు మీద అమెరికాలోని హిందూ ప్రముఖుడు రాజన్ జెడ్ అభ్యంతరం చెప్పారు. అప్పట్లో అది పత్రికల దాకా వెళ్లింది. ఆ అభ్యంతరాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. మనం పూజించే రూపాన్ని వేరొకరు ఆటబొమ్మగా దిద్దినప్పుడు అడిగే హక్కు మనకుంటుంది.

మన విషయానికి వస్తే, స్మైట్‌లో రాముడి చేతిలోంచి విల్లు తీయడం కుదరదు. అది అతని స్వభావం. మారేది దానికి తోడు వచ్చే సరంజామా. ఆరు గడులుంటాయి. ఆటలో సంపాదించిన బంగారంతో ఒక్కో గడి నింపుకోవాలి. అదీ సొంత స్థావరానికి తిరిగి వెళ్తేనే. యుద్ధం మధ్యలో జేబులో ఎంత బంగారం మూలుగుతున్నా పనికిరాదు. వెనక్కి వెళ్లి కొనుక్కుని మళ్లీ రావాలి. ఆ వెళ్లొచ్చే సమయంలో నీ వైపు కోట కూలిపోవచ్చు. మార్పుకు ధర బంగారం ఒక్కటే కాదు, కాలం కూడా.

ఇదే స్టూడియో 2012లో ‘ట్రైబ్స్: అసెండ్’ను తెచ్చింది. దానికి మూలం 1998 నాటి ‘స్టార్‌సీజ్: ట్రైబ్స్’. ఆ పాత ఆటలో నాకు ఎంతో ఇష్టమైన ఏర్పాటు ఒకటుంది. స్థావరంలో సరంజామా స్టేషన్లు ఉంటాయి. ముందుగా ఎంచి దాచుకున్న జతను అక్కడ నిలబడితే తొడిగి పంపుతాయి. కానీ ఆ స్టేషన్లు జనరేటర్ మీద నడుస్తాయి. శత్రువు తెలివైనవాడైతే నీ మీదికి రాడు. చాటుగా వెళ్లి జనరేటర్ పేల్చేస్తాడు. అప్పుడు నీ సైన్యమంతా ఏ బట్టలతో ఉందో ఆ బట్టలతోనే పోరాడాలి. జత మార్చుకునే సదుపాయాన్నే యుద్ధంలో గెలవాల్సిన కోటగా మార్చిన ఆ ఆలోచన ఇప్పటికీ పాతబడలేదు.

స్థావరంలోనే కొనుగోలు అన్న నియమం ‘లీగ్ ఆఫ్ లెజెండ్స్’లోనూ ఉంది. జార్జియా హైస్కూల్ అసోసియేషన్ 2018లో ఈ-స్పోర్ట్స్‌ను బడి పోటీల్లో చేర్చుకున్నప్పుడు ముందుగా తీసుకున్న ఆట అదే. ఫుట్‌బాల్ జట్టులాగే గేమింగ్ జట్టు కూడా బడి పేరు మోస్తూ ఆడే రోజులివి. ఎప్పుడు వెనక్కి వెళ్లి ఏం కొనాలన్నది ఆ జట్ల పిల్లలు కలిసి కూర్చుని చర్చించుకునే విషయం.

‘అయితే బృహన్నలే!’

కమ్మింగ్‌లో మా బంధువుల ఇంట్లో విన్న ఒక సంభాషణ ఇక్కడ చెప్పాలి. పదకొండేళ్ల పిల్ల ‘బ్రెత్ ఆఫ్ ద వైల్డ్’ ఆడుతోంది. గుంటూరు నుంచి వచ్చిన అమ్మమ్మ సోఫాలో కూర్చుని చూస్తోంది. ఆటలో లింక్ ఎడారి మధ్య గెరూడో పట్నం వాకిట ఉన్నాడు. ఆ ఊళ్లోకి మగవాళ్లకు ప్రవేశం లేదు. దగ్గర్లోని సంతలో ఆడవాళ్ల దుస్తులు కొని, మూడూ తొడుక్కుని లోపలికి వెళ్లాలి.

“వాడికి ఆడవేషం ఎందుకేశావే?”

“మగవాళ్లని రానివ్వరు అమ్మమ్మా. ఇలా వెళ్తేనే లోపలికి పంపిస్తారు.”

“అయితే బృహన్నలే!”

“ఎవరు?”

టీవీ ఆగిపోయింది. విరాటపర్వం మొదలైంది. ధర్మరాజు కంకుభట్టు, భీముడు వలలుడు, నకులుడు దామగ్రంథి, సహదేవుడు తంత్రీపాలుడు, ద్రౌపది మాలిని, అర్జునుడు రాకుమారికి నాట్యం నేర్పే బృహన్నల. ఆవిడ కళ్లముందు 1963 నాటి ‘నర్తనశాల’ కదులుతోందని, రామారావు నడక గురించి చెప్పినప్పుడు తెలిసిపోయింది. పిల్ల అన్నీ విని అడిగిన మొదటి ప్రశ్న ఇది:

“మరి వాళ్ల వెపన్స్?”

“ఊరి బయట శ్మశానం పక్కన జమ్మిచెట్టు ఉంది. మూటకట్టి దాని మీద పెట్టారు. ఎవరూ దగ్గరికి రాకుండా శవాన్ని కట్టినట్టు కనపడేలా కట్టారు.”

“ఊరి బయటేనా? లోపల ఉన్నప్పుడు కావాలంటే?”

“ఊళ్లో తీస్తే దొరికిపోరూ! దొరికితే మళ్లీ పన్నెండేళ్లు అడవి.”

“అమ్మో! సేవ్ పాయింట్ కూడా లేదా?”

“ఏ పాయింటూ లేదు. అందుకే ఏడాదంతా నోరు మూసుకుని ఉన్నారు.”

పిల్ల ఆటలోకి తిరిగి వెళ్లి, గెరూడో పట్నం నడివీధిలో కావాలనే లింక్ తలమీది ముసుగు తీసింది. కాపలావాళ్లు వెంటనే పట్టి ఊరి బయటికి గెంటేశారు. “నిజమే అమ్మమ్మా, ఇక్కడా అంతే!” అంది.

ఆ పిల్ల అడిగిన ‘ఊరి బయటేనా?’ అన్న ప్రశ్న ఏ స్టూడియోలోనైనా రూపకర్తలు మొదట తేల్చుకోవాల్సిందే. ఆయుధాల మూట హీరో వీపునే ఉండాలా, ఊరి పొలిమేరలోనా, అసలు అందకుండా పోవాలా? తిక్కన తన భారతాన్ని విరాటపర్వంతో మొదలుపెట్టాడు. ఆ పర్వంలో ఉత్కంఠ అంతా చెట్టుకూ కొలువుకూ మధ్య దూరంలోనే పుడుతుంది. కీచకుడు ద్రౌపదిని అవమానించినప్పుడు గాండీవం చెట్టుమీదే ఉంది. భీముడు వంటశాల సరంజామాతో, ఒట్టి చేతులతో దారి వెతుక్కోవాల్సి వచ్చింది. గోగ్రహణం నాడు ఉత్తరకుమారుణ్ణి చెట్టెక్కించి మూట దింపించే ఘట్టం ఇన్ని వందల ఏళ్ల తర్వాత కూడా చప్పట్లు కొట్టిస్తుందంటే, ఆ మూట అన్నాళ్లు అందకుండా ఉండడమే కారణం.

కమ్మింగ్ పిల్లల గురించి రాస్తూ సరంజామా మార్పును వలస బతుక్కి ప్రతీకగా చెప్పడం తేలిక. ఇంట్లో ఒక వేషం, బడిలో ఒక వేషం అంటూ పేజీలు నింపొచ్చు. అది ఆటకు చేసే అన్యాయం. ఆ పిల్లకు లింక్ బట్టలు తన జీవితానికి గుర్తు కాదు. అవి చలి, ఎండ, పిడుగు, కాపలా. ఆటను ఆటగా చూసినప్పుడే అందులోని తెలివి కనబడుతుంది.

బూట్ల బాధ నుంచి మీట దాకా

1998లో వచ్చిన జెల్డా ఆట ‘ఒకారినా ఆఫ్ టైమ్’లో నీటి ఆలయం ఉంది. ఇనుప బూట్లు తొడిగితే లింక్ అడుక్కి మునుగుతాడు, తీస్తే పైకి తేలుతాడు. ఆలోచన చక్కనిది. కానీ ప్రతిసారీ ఆట ఆపి, పేజీలు తిప్పి, బూట్లు ఎంచి, బయటికి రావాలి. మళ్లీ పది అడుగులకే అదే పని. ఆనాటి పిల్లలు, ఇప్పుడు నలభైల్లో ఉన్నవాళ్లు, ఆ ఆలయం పేరెత్తితే ఇప్పటికీ మొహం చిట్లిస్తారు. ఆ ఆటలో ఆలయాల రూపకల్పన చూసిన ఐజీ అవోనుమా స్వయంగా ఆ బూట్ల తంటా మీద విచారం వెలిబుచ్చారు. 2011లో 3డీఎస్ కోసం ఆటను మళ్లీ చేసినప్పుడు బూట్లను ఒక్క నొక్కుతో మారేలా దిద్దారు. ఆలయం అదే, నీళ్లు అవే. చికాకు పోయింది, చిక్కుముడి మిగిలింది. మంచి మార్పు అంటే అదీ.

2001లో ‘డయాబ్లో 2’కు అనుబంధంగా వచ్చిన ‘లార్డ్ ఆఫ్ డిస్ట్రక్షన్’ డబ్ల్యూ మీటతో రెండు ఆయుధ జతల మధ్య మారే వీలిచ్చింది. మరుసటి ఏడాది జపాన్‌లో మొదలైన ‘ఫైనల్ ఫాంటసీ 11’లో ఆటగాళ్లు ఇంకా దూరం వెళ్లారు. మంత్రం మొదలుపెట్టేటప్పుడు ఒక జత, అది తగిలే క్షణానికి మరో జత, చదివాక సేదతీరడానికి ఇంకో జత. ఇదంతా మాక్రోలు రాసుకుని నడిపేవారు. బట్టలు మారిన ప్రతిసారీ ఆ పాత్ర తోటివాళ్ల తెరమీద ఒక్క క్షణం మాయమై మళ్లీ కనిపించేది. తయారీదారులు ఊహించని చోటికి ఆటగాళ్లు ఆటను లాక్కుపోయిన ఉదాహరణ ఇది.

‘వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్’ కథా అలాంటిదే. గాయం మాన్పేటప్పుడు ఒక జత, ముందు నిలబడి దెబ్బలు కాచేటప్పుడు మరో జత. సంచిలోంచి ఒక్కోటీ ఏరి తొడిగే ఓపిక లేక ఆటగాళ్లు ‘ఐటమ్‌ర్యాక్’, ‘ఔట్‌ఫిటర్’ లాంటి యాడాన్లు సొంతంగా రాసుకున్నారు. చివరికి 2009లో ఆటను తయారుచేసిన బ్లిజార్డ్ సంస్థే జతలు దాచుకునే సదుపాయాన్ని ఆటలో పెట్టింది. ఒక షరతు మాత్రం వదల్లేదు. పోరు మొదలయ్యాక కవచం మారదు, చేతిలో ఆయుధం మాత్రం మారుతుంది. ఆ షరతులో గొప్ప సమతూకం ఉందని నేననుకుంటాను. నిజమైన పోరులోనూ కత్తి పారేసి బల్లెం అందుకోవచ్చు. ఉక్కు కవచం విప్పి వేరేది కట్టుకునే తీరిక ఎవరిస్తారు?

‘డయాబ్లో 3’ విడుదలైంది 2012లో, జతలు దాచుకునే ఆర్మరీ వచ్చింది 2017లో. అయిదు జతలు దాచుకోవచ్చు, కానీ మార్పిడి ఊళ్లోనే. ‘డెస్టినీ 2’ ఆటగాళ్లు చాలాకాలం ‘డెస్టినీ ఐటమ్ మేనేజర్’ అనే బయటి పరికరంతో నెట్టుకొచ్చారు. ఆటలోనే ఆ వసతి 2023లో చేరింది. ‘డయాబ్లో 4’కు 2025 జనవరి దాకా ఆగాల్సి వచ్చింది. ప్రతిచోటా వరస ఒకటే. మొదట సంస్థ పట్టించుకోదు, ఆటగాళ్లు తామే దారి చేసుకుంటారు, చాన్నాళ్లకు సంస్థ ఆ దారికి రంగేసి ఇస్తుంది. ఇంత స్పష్టంగా తెలిసిన అవసరాన్ని విడుదల నాడే తీర్చకపోవడం నాకు బొత్తిగా నచ్చని సంగతి.

పొలిమేరే సరైన చోటు

మార్పు ఎప్పుడైనా ఎక్కడైనా అంటే ఏమవుతుంది? ‘బ్రెత్ ఆఫ్ ద వైల్డ్’ అలాంటిదే. పేజీ తెరిస్తే కాలం ఆగుతుంది. రాక్షసుడి గద తలమీదికి దిగుతుండగా కూడా కవచం మార్చుకోవచ్చు. చిన్నపిల్లలకు ఇది కరుణ. కానీ ముందుచూపుకు విలువ తగ్గిపోతుంది. ‘ఎల్డెన్ రింగ్’ (2022) దీనికి పూర్తిగా ఎదురు. పేజీ తెరిచినా కాలం ఆగదు. నువ్వు బూట్లు వెతుకుతుంటే శత్రువు నిన్ను వెతుక్కుంటూ వస్తాడు. పైగా ఒంటిమీది బరువు మోయగలిగినదాంట్లో 70 శాతం దాటితే పొర్లి తప్పించుకోవడం భారంగా మారుతుంది. మందపాటి కవచం ప్రాణం కాపాడుతుందా, తీస్తుందా అన్నది ముందే తూచుకోవాలి.

ఈ రెంటికీ మధ్యదారి పట్టినవాళ్లు ‘మాన్‌స్టర్ హంటర్’ రూపకర్తలు. పాత ఆటల్లో వేటకు బయల్దేరాక కవచం మార్చే వీల్లేదు. 2018లో వచ్చిన ‘మాన్‌స్టర్ హంటర్: వరల్డ్’లో అడవిలోని శిబిరాల్లో డేరాలు పెట్టారు. డేరాలోకి దూరితే దాచుకున్న జతలు సిద్ధం. మృగం నిప్పులు కక్కేదని తెలిశాక వెనక్కి పరిగెత్తి, నిప్పుకు ఓర్చే జత కట్టుకుని మళ్లీ రావచ్చు. డేరా దాకా వెళ్లడం మాత్రం నీ బాధ్యత. నా మటుకు ఇదే సరైన చోటు. జత దాచుకోవడం ఉచితంగా, సులువుగా ఉండాలి. దాన్ని తొడుక్కోవడం పొలిమేరలో జరగాలి. కీలకమైన పోరులో తలుపు మూసెయ్యాలి. ‘డెస్టినీ 2’ కొన్ని కఠినమైన ఘట్టాల్లో సరంజామా మార్చకుండా తాళం వేస్తుంది. ఆటగాళ్లు విసుక్కుంటారు కానీ, ఆ తాళం వల్లే లోపలికి అడుగుపెట్టేముందు జట్టంతా కూర్చుని మాట్లాడుకుంటుంది.

పొలిమేర కావాలనడానికి మనసు పనిచేసే తీరు కూడా ఒక కారణం. 1995లో రాబర్ట్ రోజర్స్, స్టీఫెన్ మాన్సెల్ అనే మనస్తత్వ పరిశోధకులు ఒక ప్రయోగం ప్రచురించారు. అక్షరం, అంకె కలిసిన జంటలు చూపించి, రెండుసార్లు అక్షరం గురించి, తర్వాత రెండుసార్లు అంకె గురించి తేల్చమన్నారు. పని మారిన ప్రతిసారీ జవాబు ఆలస్యమైంది. మారబోతోందని ముందే తెలిసినా, సిద్ధపడడానికి సమయమిచ్చినా ఆ ఆలస్యం తగ్గిందే కానీ పూర్తిగా పోలేదు. ఒక్క నొక్కుతో లింక్ బట్టలు మారతాయి. ఆడే పిల్ల మనసు అంత వేగంగా మారదు. ఎగబాకే ధ్యాసలోంచి ఈదే ధ్యాసలోకి రావడానికి డేరా దాకా నడిచే ఆ కాసేపు పనికొస్తుంది.

దాచుకున్న జతలకు ఒక నష్టం కూడా ఉంది, దాన్ని మరుగుపెట్టకూడదు. ‘మంచు జత’, ‘కొండ జత’ అని కట్టిపెట్టుకుంటే కలిపి తొడిగే తెలివి మొద్దుబారుతుంది. ‘బ్రెత్ ఆఫ్ ద వైల్డ్’లో ఎముకలు కొరికే చలికి రెండు అంచెల రక్షణ కావాలి. ఈకల జతలో రెండు తొడిగితే సరిపోతుంది. అప్పుడు కొండెక్కడానికి మిగిలేది ఒక్క చోటు. అయితే మండే కత్తిని వీపున తగిలించుకుంటే ఒక అంచె చలి అదే కాస్తుంది! అంటే ఈకల తొడుగు ఒక్కటి చాలు, కొండెక్కే తొడుగులు రెండు పడతాయి. కత్తితో చలి కాచుకోవచ్చని తోచిన పిల్లకు ఆ రోజు పాఠం వేరే అక్కర్లేదు. నేను చెప్పిన కమ్మింగ్ పిల్ల ఇలాంటి కలగలుపులన్నీ ఒక రూళ్ల నోట్‌బుక్‌లో రాసుకుంటోంది. ఆట జతలను దాచిపెట్టదు కాబట్టి తానే దాచుకుంటోంది. 2023 మేలో వచ్చిన ‘టియర్స్ ఆఫ్ ద కింగ్‌డమ్’లో కూడా నింటెండో ఆ సదుపాయం పెట్టలేదు. బహుశా కలపడం నేర్పాలనే ఉద్దేశం కావచ్చు. అలాగైతే కలిపిన దాన్ని దాచుకోనిస్తే ఏం పోయింది? ఆ నోట్‌బుక్‌లోని పేజీలు ఆటలోనే ఉండొచ్చు కదా.

డబ్బడిగే బట్టలు వేరు

తల్లిదండ్రులు రెండు రకాల దుస్తులను విడదీసి చూడాలి. ఇంతవరకు చెప్పినవి పని చేసే సరంజామా. ‘ఫోర్ట్‌నైట్’లో వీ-బక్స్ అనే ఆట డబ్బు పెట్టి కొనే స్కిన్లు కేవలం పైరూపం, వాటివల్ల బలం పెరగదు. అక్కడ పిల్లలు వాడేది ఆలోచన కాదు, అమ్మానాన్నల కార్డు. ఆ కొనుగోళ్ల బటన్లను తికమకగా పెట్టి అనుకోకుండా డబ్బు కట్టించారన్న అభియోగం మీద 2022 డిసెంబరులో ఆ ఆటను తయారుచేసిన ఎపిక్ గేమ్స్ అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో రాజీకొచ్చి, 24.5 కోట్ల డాలర్లు వినియోగదారులకు తిరిగివ్వడానికి ఒప్పుకుంది. ‘బట్టలు మారుస్తున్నాను’ అని పిల్లలు అన్నప్పుడు ఏ రకం బట్టలో కనుక్కోవడం మంచిది. చలి ఆపే బట్టలైతే పక్కన కూర్చుని ‘ఎందుకు ఇదే వేశావు?’ అని అడగండి. చెప్పడానికి వాళ్ల దగ్గర చాలా ఉంటుంది.

ఒక్క నొక్కు ఎవరికి కావాలి

జతలు దాచుకోవడాన్ని సోమరితనం అనేవాళ్లున్నారు. కష్టపడి పేజీలు తిప్పితేనే ఆట విలువ తెలుస్తుందని వాదిస్తారు. ఆ వాదన రెండు చేతులూ, పది వేళ్లూ చెప్పినట్టు వినేవాళ్లది. వేళ్లు వణికేవాళ్లకు, ఒక్క చేత్తో ఆడేవాళ్లకు, మోచేత్తోనో పాదంతోనో బటన్ నొక్కేవాళ్లకు ప్రతి అదనపు నొక్కూ శ్రమే.

మైక్రోసాఫ్ట్ 2018లో ఎక్స్‌బాక్స్ అడాప్టివ్ కంట్రోలర్‌ను తెచ్చింది. అరచేతితో తట్టగలిగే రెండు పెద్ద మీటలు, వెనక వరసగా 19 రంధ్రాలు. కాలితో నొక్కే పెడలో, గడ్డంతో తాకే స్విచ్చో, ఎవరికి అమరేది వాళ్లు ఆ రంధ్రాల్లో తగిలించుకోవచ్చు. దానిమీద ఒక ప్రొఫైల్ బటన్ కూడా ఉంది. ఒక ఆటకు ఒక అమరిక, మరో ఆటకు మరో అమరిక దాచుకుని ఆ బటన్‌తో మారవచ్చు. సోనీ 2023 డిసెంబరులో తెచ్చిన యాక్సెస్ కంట్రోలర్‌లోనూ ఇదే ఏర్పాటు. అంటే సరంజామా జతల మార్పు తెరమీది హీరో నుంచి ఆడే మనిషి చేతిలోకి వచ్చింది. 2020 నాటి ‘ద లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2’ అరవైకి పైగా సౌలభ్యపు అమరికలిచ్చి, చూపు లేనివాళ్లు కూడా చివరిదాకా ఆడేలా చేసింది. చేయాలనుకుంటే కుదురుతుందని దానితో రుజువైంది.

అందుకే కంట్రోలర్ దాచుకోనిచ్చేదాన్ని ఆట దాచుకోనివ్వకపోవడం నాకు పెద్ద లోటుగా కనిపిస్తుంది. మూడు తొడుగులు, ఒక కత్తి, ఒక డాలు మార్చాలంటే పేజీలో ఎన్ని గడులు దాటాలో ఒకసారి టీవీ ముందు కూర్చుని లెక్కపెట్టి చూడండి. అంతా గడ్డంతో చేసే కుర్రాడు మంచు కొండ దగ్గరికి వస్తాడు. చలికి ఏం కావాలో అతనికి తెలుసు. మండే కత్తి కిటుకూ తెలుసు. బుద్ధితో చేయాల్సినదంతా చేసేశాడు. ఆ జతను పేరుపెట్టి దాచుకునే ఒక్క గడి ఇస్తే, ఆ కొండ మిగతా పిల్లలకెంత ఎత్తో అతనికీ అంతే ఎత్తవుతుంది. ‘వార్‌క్రాఫ్ట్’ 2009లో ఇవ్వగలిగిన దాన్ని రాబోయే జెల్డా కూడా ఇవ్వొచ్చు.